షాబ్లీ: ఫ్రాన్స్‌లో ఒక ఊరు, అమెరికాలో ఒక జగ్గు

అమెరికాలో వైన్ షాపుకి వెళితే షాబ్లీ అనే పేరు రెండు చోట్ల కనబడుతుంది. కింది అరలో నాలుగు లీటర్ల గాజు జగ్గు మీద ఒకటి. ఫ్రెంచ్ వైన్ల అరలో 750 మిల్లీలీటర్ల సీసా మీద ఇంకొకటి. రెండూ తెల్ల వైన్లే. కానీ ఒక్క పేరు తప్ప వాటి మధ్య చుట్టరికం ఏమీ లేదు. జగ్గులోది కాలిఫోర్నియా ద్రాక్ష, అది ఏ రకం ద్రాక్షో చెప్పాల్సిన పని కూడా లేదు. సీసాలోది ఫ్రాన్స్ ఉత్తరాన షాబ్లీ అనే చిన్న ఊరి చుట్టూ ఉన్న కొండవాలుల్లో పండిన షార్డొనే ద్రాక్ష. ఈ తేడా ఎలా వచ్చింది, చట్టం ఎందుకు ఒప్పుకుంది, మన బనగానపల్లె మామిడికీ బాస్మతికీ దీనితో ఏం పని అనేది ఈ వ్యాసం.

ముందే ఒక మాట. ఎవరినీ తాగమని చెప్పడానికి రాయడం లేదు. అమెరికాలో మన ఇళ్ళకి ఆఫీసు వాళ్ళు భోజనానికి వస్తారు, వస్తూ సీసా తెస్తారు. మనం వాళ్ళింటికి వెళితే ఏదో ఒకటి తీసుకెళ్ళాలి. మగవాళ్ళకి స్కాచ్ పేర్లన్నీ కంఠతా వచ్చు గానీ వైన్ దగ్గరికి వచ్చేసరికి చాలామంది ధర చూసి కొంటారు. నేను చదివింది బీఎస్సీ కెమిస్ట్రీ. ఉద్యోగం చెయ్యకపోయినా సీసా వెనక చిన్న అక్షరాలు చదివే అలవాటు మాత్రం పోలేదు. అలా చదువుతూ పోతే షాబ్లీలో ఉన్నంత కెమిస్ట్రీ, భూగర్భశాస్త్రం, కోర్టు వ్యవహారం ఇంకో వైన్‌లో నాకు కనబడలేదు.

ఊరు ఎక్కడ

పారిస్‌కి ఆగ్నేయంగా సుమారు 180 కిలోమీటర్ల దూరంలో, యోన్ జిల్లాలో, సెరాన్ అనే చిన్న నది ఒడ్డున ఉంది షాబ్లీ. పేరుకి బర్గండీ ప్రాంతంలోదే గానీ, బర్గండీ వైన్లకి రాజధాని లాంటి బోన్ పట్టణం కన్నా షాంపేన్ తోటలే దీనికి దగ్గర. అక్షాంశం చూస్తే మన సియాటెల్ కన్నా పిసరంత పైన. అంటే చలి ప్రాంతం. ద్రాక్ష పండుతుందా పండదా అన్న అంచు మీద ఉన్న నేల. షాబ్లీ గుణం అంతా ఈ అంచులోనే ఉంది.

పచ్చి మామిడికాయ పండేకొద్దీ పులుపు తగ్గి తీపి పెరగడం మనకి తెలిసిందే. ద్రాక్షలోనూ అంతే. ద్రాక్షలో ముఖ్యంగా రెండు ఆమ్లాలుంటాయి. ఒకటి టార్టారిక్, అంటే మన చింతపండుకి పులుపునిచ్చేదే. రెండోది మాలిక్, పచ్చి ఆపిల్‌లో నాలుకని చుర్రుమనిపించేది. వేడి ఎక్కువున్న చోట ద్రాక్ష తనలోని మాలిక్ ఆమ్లాన్ని శ్వాసక్రియలో ఖర్చు పెట్టేసుకుంటుంది. చల్లటి చోట ఆ ఖర్చు నెమ్మదిగా జరుగుతుంది, ఆమ్లం మిగులుతుంది. కాలిఫోర్నియా లోయల్లో పండిన షార్డొనేకీ, షాబ్లీలో పండిన షార్డొనేకీ రుచి అంత దూరంగా ఉండటానికి మొదటి కారణం ఇదే. గింజ ఒకటే, ఎండ వేరు.

రెండో కారణం పీపా. అమెరికాలో మనకి అలవాటైన షార్డొనే చాలావరకు కొత్త ఓక్ పీపాల్లో పెట్టింది. వెన్న వాసన, వెనీలా వాసన వేస్తుంది. వెనీలా వాసన ఓక్ చెక్క ఇచ్చేది. వెన్న వాసన బ్యాక్టీరియా ఇచ్చేది: మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చేటప్పుడు డైఎసిటైల్ అనే పదార్థం పుడుతుంది, పాప్‌కార్న్ వెన్న వాసన అదే. షాబ్లీలో కూడా ఈ మార్పిడి చేయిస్తారు, లేకపోతే పులుపు భరించలేం. కానీ ఎక్కువమంది స్టీలు ట్యాంకుల్లోనే ఉంచుతారు, కొత్త పీపాల జోలికి పోరు. ఖరీదైన వాటికి కొందరు పాత పీపాలు వాడతారు. పూర్వం అక్కడి పీపా 132 లీటర్లది, ఫెయెట్ అంటారు. మొత్తానికి వైన్‌లో చెక్క కాకుండా ద్రాక్షే కనబడుతుంది. సన్నగా, పుల్లగా, నిమ్మతొక్క, పచ్చి ఆపిల్, తడిసిన రాయి లాంటి వాసన. సీసా మీద డ్రై అంటే తడి లేనిదని కాదు, తీపి లేనిదని. యూరప్ లెక్కలో లీటరుకి 4 గ్రాముల లోపు చక్కెర ఉంటే డ్రై. ఆమ్లం బాగా ఉన్నవాటికి ఇంకొంచెం సడలింపు ఉంది.

కామా ఆకారం గవ్వలు

షాబ్లీ వాళ్ళు గొప్పగా చెప్పుకునేది నేల. కిమ్మరిడ్జియన్ అంటారు. ఇంగ్లండ్‌లో డోర్సెట్ తీరాన కిమ్మరిడ్జ్ అనే పల్లె పేరు మీద భూగర్భశాస్త్రవేత్తలు పెట్టిన పేరది. జురాసిక్ యుగం చివర్లో, దాదాపు 15 కోట్ల ఏళ్ళ కిందట, ఈ ప్రాంతమంతా వెచ్చని లోతులేని సముద్రం. ఆ సముద్రపు అడుగున పేరుకున్న బంకమన్నూ సున్నపురాయీ పొరలు పొరలుగా ఇప్పటి కొండవాలులయ్యాయి. ఆ మట్టి పిడికెడు తీసి చూస్తే కామా ఆకారంలో చిన్న చిన్న ఆయిస్టర్ గుల్లలు కనబడతాయి, ఎక్సోజైరా విర్గ్యులా అని పేరు. ఇదే పొర ఫ్రాన్స్ అడుగున సాగి సాన్సేర్ వరకూ వెళుతుంది.

ఇక్కడ షాపుల్లో, పార్టీల్లో చెప్పే కథ ఒకటుంది. మట్టిలో సముద్రపు గుల్లలున్నాయి, అందుకే వైన్‌లో సముద్రపు రుచి వస్తుంది, అందుకే ఆయిస్టర్లతో బాగుంటుంది అని. వినడానికి బాగుంది గానీ నా కెమిస్ట్రీ ఒప్పుకోదు. గుల్ల అంటే కాల్షియం కార్బొనేట్. దానికి రుచి లేదు, వాసన లేదు. వేళ్ళు నీటిలో కరిగిన అయాన్లని తీసుకుంటాయి తప్ప రాతి రుచిని పైకి లాగవు. వేల్స్‌లోని ఎబెరిస్ట్‌విత్ యూనివర్సిటీ భూగర్భశాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ 2018లో ద్రాక్షతోటలూ రాళ్ళ గురించి పెద్ద పుస్తకమే రాశారు. వైన్‌లో మినరల్ రుచి అని మనం అనేది మట్టిలోని ఖనిజం నేరుగా రావడం కాదని ఆయన వాదన. మరి నేలకి పాత్ర లేదా? ఉంది. బంకమన్ను నీటిని పట్టి ఉంచుతుంది, సున్నపురాయి ఎక్కువైన నీటిని వదిలేస్తుంది. వేరు నానిపోదు, ఎండిపోదు. మన నల్లరేగడికీ ఎర్రనేలకీ మిర్చి వేరుగా వచ్చినట్టే ఇదీ. ఆ రాయి వాసన ఎక్కడిదంటే ఆమ్లం ఎక్కువగా ఉండటం, పండ్ల వాసన తక్కువగా ఉండటం, పులిసేటప్పుడు పుట్టే కొన్ని గంధకపు పదార్థాలు కారణమని చెబుతారు. ఫ్రెంచి వాళ్ళు దీన్ని చెకుముకిరాయి వాసన అంటారు. ఆ పోలిక మాత్రం సరిగ్గా కుదిరింది.

ఈ మట్టి మీద ఊళ్ళో గొడవ కూడా జరిగింది. అసలైన షాబ్లీ అంటే కిమ్మరిడ్జియన్ నేల మీద పండిందే అని విలియం ఫెవ్ర్ పక్షం. వాలు, ఎండ, గాలి కూడా ముఖ్యమే, పక్క నేలలకీ ఆ పేరు ఇవ్వాలని జాఁ ద్యురుప్ పక్షం. 1970ల్లో ఈ వాదన తోటల్ని విస్తరించాలనే వాళ్ళ వైపు మొగ్గింది. ఫైలోక్సెరా పురుగు పంతొమ్మిదో శతాబ్దం చివర తోటల్ని తినేశాక, తర్వాత యుద్ధాలూ మంచూ కలిసి, 1950ల నాటికి అక్కడ 500 హెక్టార్లు మిగిలాయేమో. ఇప్పుడు 5,000 హెక్టార్లకి పైనే. అంటే ఫెవ్ర్ గారి భయంలోనూ అర్థం ఉంది, ద్యురుప్ గారి ఆశలోనూ ఉంది.

నాలుగు మెట్లు

సీసా మీద రాసే పేర్లు నాలుగు మెట్లు. పెతీ షాబ్లీ పైన పీఠభూమి మీద, కాస్త కొత్త కాలపు సున్నపురాయి నేలలో పండేది, చవక. మామూలు షాబ్లీ మనకి ఎక్కువగా దొరికేది. ప్రెమియే క్రూ మంచి వాలుల్లోది, దాని కింద తోట పేరు కూడా వేస్తారు. గ్రాన్ క్రూ అంటే ఊరికి ఎదురుగా, సెరాన్ నది కుడి గట్టున, నైరుతి ఎండ పడే ఒకే ఒక కొండ. మొత్తం సుమారు 100 హెక్టార్లు, అంటే 250 ఎకరాలు. దాన్ని ఏడు ముక్కలుగా పిలుస్తారు: బ్లాంషో, బూగ్రో, లే క్లో, గ్రెనూయ్, ప్రూజ్, వాల్ముర్, వోదెజీర్. గ్రెనూయ్ అంటే కప్పలు! ఆ ముక్క నదికి దగ్గర.

ఈ పేర్లకి చట్టబద్ధమైన రక్షణ 1938లో వచ్చింది. పెతీ షాబ్లీకి 1944లో. అంతకు ముందే 1935లో ఫ్రాన్స్ ఇలాంటి పేర్లని కాపాడటానికి ఐనావ్ అనే సంస్థని పెట్టింది. ఏ ద్రాక్ష, ఏ నేల, ఎకరానికి ఎంత దిగుబడి అన్నీ రాసి ఉంటాయి. ఇందులో ఒక్కటి తప్పినా ఆ పేరు వాడకూడదు. రైతులందరూ ధనవంతులేం కాదు. 1923లో పెట్టుకున్న లా షాబ్లిజియెన్ అనే సహకార సంఘం మన పాల సొసైటీల్లాగా చాలా కుటుంబాల పంట తీసుకుని, మొత్తం షాబ్లీలో నాలుగో వంతు దాకా తయారు చేస్తుంది. మన ఊళ్ళలో అమెరికా షాపుల్లో తరచుగా దొరికేవాటిలో అదొకటి, నమ్మకమైనదే.

మంచుని మంచుతో ఆపడం

రైతుబిడ్డగా నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఇది. మార్చి చివర, ఏప్రిల్‌లో మొగ్గ విచ్చుకుంటుంది. అప్పుడే రాత్రి ఉష్ణోగ్రత సున్నాకి కిందికి పోతుంది. మైనస్ రెండు దాటితే లేత మొగ్గ మాడిపోతుంది, ఆ కొమ్మకి ఆ ఏడాది పంట పోయినట్టే. 2016లో, 2017లో, మళ్ళీ 2021 ఏప్రిల్‌లో అలాగే జరిగింది. మన దగ్గర పూత మీదున్న మామిడికి అకాలవర్షం తగిలినట్టు.

దీనికి రెండు ఉపాయాలు. ఒకటి తోటంతా వందల కొద్దీ పారఫిన్ డబ్బాలు వెలిగించడం. చీకట్లో కొండంతా దీపావళిలా ఉంటుంది, ఫోటోలు చాలామంది చూసే ఉంటారు. కానీ ఖర్చు, పొగ, రాత్రంతా మనుషులు. రెండోది వింతగా అనిపిస్తుంది: గడ్డకట్టే చలిలో మొగ్గల మీద నీళ్ళు చల్లడం. నీళ్ళు మొగ్గ చుట్టూ మంచుగా మారతాయి. ఇంటర్‌లో చదివిన గుప్తోష్ణం గుర్తుందా? ఒక గ్రాము నీరు గడ్డకట్టేటప్పుడు 80 క్యాలరీల వేడి వదులుతుంది. ఆ వేడి మొగ్గని సున్నా దగ్గర నిలబెడుతుంది, మైనస్ ఐదు బయట ఉన్నా. మధ్యలో నీళ్ళు ఆపకూడదు. ఆపితే తడి ఆవిరవుతూ మొగ్గలోని వేడిని లాగేస్తుంది, అసలు చల్లకపోయినదాని కన్నా నష్టం ఎక్కువ. అందుకే పొద్దెక్కి మంచు కరిగేదాకా మోటార్లు తిరుగుతూనే ఉండాలి. ఆ నీటి కోసమే షాబ్లీ పక్కన బేన్ అనే ఊళ్ళో ఒక చెరువు తవ్వారు. చలిని ఆపడానికి చెరువు తవ్విన ఊరు నేను ఇంకోటి వినలేదు. అలాంటి ఏడాది తర్వాత షాపులో సీసా ధర ఐదు డాలర్లు పెరిగితే నాకు పెద్దగా కోపం రాదు.

జగ్గు కథ

1920 నుంచి 1933 వరకు అమెరికాలో మద్యనిషేధం. అది ఎత్తేశాక కాలిఫోర్నియా కంపెనీలు మళ్ళీ వైన్ మొదలుపెట్టినప్పుడు జనానికి ద్రాక్ష రకాల పేర్లు తెలియవు. యూరప్ పేర్లు పెడితే అర్థమవుతుంది. ఎర్రది బర్గండీ, తియ్యటి తెల్లది సోటర్న్, పుల్లటి తెల్లది షాబ్లీ. అలా గాలో షాబ్లీ బ్లాంక్, ఆల్మడెన్ మౌంటెన్ షాబ్లీ, కార్లో రాసి షాబ్లీ వచ్చాయి. పింక్ షాబ్లీ కూడా అమ్మారు. అసలు షాబ్లీలో గులాబీ రంగు వైన్ అనేదే లేదు! 1970ల్లో అమెరికా బార్లలో గ్లాసు షాబ్లీ అంటే ఏదో ఒక తెల్ల వైన్ అని అర్థం. జిరాక్స్ అంటే ఫోటోకాపీ అయినట్టు.

అమెరికా చట్టం ఈ పేర్లకి సెమీ జెనెరిక్ అనే ఒక వర్గం పెట్టింది. షాంపేన్, బర్గండీ, షాబ్లీ, కియాంటీ, పోర్ట్, షెర్రీ లాంటివి అందులో ఉన్నాయి. అసలు ఎక్కడ తయారైందో పక్కన రాస్తే చాలు, పేరు వాడుకోవచ్చు. అందుకే జగ్గు మీద కాలిఫోర్నియా షాబ్లీ అని ఉంటుంది. యూరప్ దశాబ్దాల పాటు అభ్యంతరం చెప్పింది. చివరికి 2006 మార్చి 10న అమెరికా, యూరప్ వైన్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. కొత్తగా ఎవరూ ఈ పేర్లు వాడకూడదు, కానీ ఆ తేదీకి ముందే లేబుల్ అనుమతి ఉన్నవాళ్ళు కొనసాగించుకోవచ్చు అన్నది అందులోని సర్దుబాటు. కాబట్టి ఆ జగ్గు దొంగసరుకు కాదు, చట్టం ఒప్పుకున్న సరుకే. కెనడాలో ఉన్న మనవాళ్ళకి ఈ తికమక లేదు. 2003లో యూరప్‌తో చేసుకున్న ఒప్పందం ప్రకారం 2013 చివరికల్లా అక్కడ స్థానిక షాబ్లీ పేరు ఆగిపోయింది. ఆస్ట్రేలియా కూడా 1994 ఒప్పందంతో ఆ దారి పట్టింది.

ఇదంతా ఫ్రెంచి వాళ్ళ గోల అనిపించవచ్చు. నాకు అలా అనిపించదు. బనగానపల్లె కర్నూలు వైపు ఒక ఊరు. ఆ ఊరి పేరు మామిడికి వచ్చి, మామిడి ఊరిని దాటి ఎక్కడెక్కడికో వెళ్ళింది. దానికి మన దేశంలో జీఐ గుర్తింపు 2017లో వచ్చింది. తిరుపతి లడ్డుకి 2009లోనే వచ్చింది. మన జీఐ చట్టం 1999లో చేశారు, 2003లో అమల్లోకి తెచ్చారు. ఫ్రాన్స్ 1935లో మొదలుపెట్టిన పని ఇది. ఇక బాస్మతి సంగతి మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1997లో టెక్సస్‌లోని రైస్‌టెక్ కంపెనీ బాస్మతి రకాల మీద అమెరికా పేటెంట్ తీసుకుంది. భారతదేశం అభ్యంతరం చెప్పాక అందులో ఎక్కువ క్లెయిములు పోయాయి. కానీ అమెరికాలో బాస్మతి అనే పేరుని ఒక ప్రాంతపు సొత్తుగా కాపాడుకోవడం వేరే పోరాటం, అది అంత తేలిగ్గా తేలలేదు.

ఇక్కడ ఒక అన్యాయం నిజంగానే ఉంది. ప్రపంచ వాణిజ్య సంస్థ ట్రిప్స్ ఒప్పందంలో 23వ అధికరణం వైన్లకీ, స్పిరిట్స్‌కీ అదనపు రక్షణ ఇస్తుంది. కొనేవాడు మోసపోయాడని నిరూపించకపోయినా సరే, ఆ ఊరిది కాని వైన్‌కి ఆ ఊరి పేరు పెట్టకూడదు. మిగతా సరుకులకి ఆ స్థాయి లేదు. బియ్యం, టీ, మామిడి, చీర అయితే కొనేవాడు తికమక పడ్డాడని చూపించాలి. ఈ తేడా తీసేయమని భారతదేశం చాలా ఏళ్ళుగా అడుగుతోంది. వైన్ జగ్గు మీద పేరు చూసి ఫ్రెంచి రైతు పడే బాధే పోచంపల్లి డిజైన్ని మిల్లు బట్ట మీద అచ్చు వేసి అమ్మితే మన నేతగాడు పడేది. వాళ్ళకి ఉన్న ఆయుధం మనవాడికి పూర్తిగా లేదు.

శాకాహారుల కోసం

పోయిన వేసవిలో మా అత్తయ్య గారు వచ్చినప్పుడు మా ఇంటికి భోజనానికి వచ్చిన వాళ్ళు షాబ్లీ సీసా తెచ్చారు. ఆవిడ ముట్టరు గానీ ఆసక్తిగా సీసా తిప్పి చూసి, "అది ద్రాక్షరసమే కదమ్మా, అందులో ఇంకేమైనా కలుపుతారా?" అని అడిగారు. చాలా మంచి ప్రశ్న. కలుపుతారు, తీసేస్తారు. కొత్త వైన్ మబ్బుగా ఉంటుంది. దాన్ని తేట చేయడానికి ప్రొటీన్ గానీ బంకమన్ను గానీ వేస్తే మడ్డిని పట్టుకుని అడుక్కి దిగుతుంది. కొందరు బెంటొనైట్ అనే మట్టి వాడతారు. కొందరు పాల కేసీన్, గుడ్డు తెల్లసొన, ఐసింగ్లాస్ వాడతారు. ఐసింగ్లాస్ అంటే చేప గాలితిత్తి నుంచి తీసేది. వైన్‌లో మిగిలేది అతి స్వల్పం, కానీ నియమం పాటించేవాళ్ళకి అతి స్వల్పం కూడా లెక్కే. యూరప్‌లో పాలు, గుడ్డు వాడి అవి మిగిలితే 2012 నుంచి సీసా మీద రాయాలి. అమెరికాలో రాయడం వాళ్ళ ఇష్టం. కాబట్టి సీసా మీద ఏమీ లేదంటే ఏమీ వాడలేదని కాదు. వీగన్ అని స్పష్టంగా ఉంటేనే నమ్మండి, లేదా ఆ వైనరీ వెబ్‌సైటులో చూడండి. కంటెయిన్స్ సల్ఫైట్స్ అన్నది వేరే విషయం. అది 1987 నుంచి అమెరికాలో తప్పనిసరి. ఎండు ద్రాక్ష, ఎండు ఆప్రికాట్లలోనూ ఉండే పదార్థమే. ఆస్తమా ఉన్న కొందరికి పడదు.

సీసా అడుగున గాజుముక్కల్లా మెరిసే పలుకులు కనబడితే భయపడకండి. అది పొటాషియం బైటార్ట్రేట్, అంటే చింతపండు ఆమ్లపు ఉప్పే. ఫ్రిజ్‌లో చల్లబడినప్పుడు కరుగుదల తగ్గి పలుకులు కడుతుంది. బేకింగ్‌కి మనం కొనే క్రీమ్ ఆఫ్ టార్టర్ ఇదే.

కొనడం, వడ్డించడం

లేబుల్ మీద ఆపెలాసియాఁ షాబ్లీ కాంత్రోలే అని గానీ, మధ్యలో ప్రెమియే క్రూ అని గానీ ఉంటే అసలుది. మామూలు షాబ్లీ ఇరవై, ముప్ఫై డాలర్ల మధ్య తిరుగుతుంది, ప్రెమియే క్రూ అంతకు పైన. సుంకాలు మారితే ధర మారుతుంది. 2019 అక్టోబర్లో విమానాల గొడవలో అమెరికా ఫ్రెంచి వైన్ల మీద 25 శాతం వేసింది, 14 శాతం ఆల్కహాల్ దాటనివాటికే. షాబ్లీ 12, 13 శాతం దగ్గర ఉంటుంది కాబట్టి సరిగ్గా దొరికిపోయింది. 2021లో దాన్ని ఆపారు. టెక్సస్, కాలిఫోర్నియాలో సరుకుల షాపులోనే వైన్ దొరుకుతుంది. న్యూయార్క్‌లో లిక్కర్ షాపుకే వెళ్ళాలి. పెన్సిల్వేనియాలో ఎక్కువగా ప్రభుత్వ దుకాణాలే.

మన వంటతో ఎలా ఉంటుంది? ఫ్రెంచి వాళ్ళు ఆయిస్టర్లతో తింటారు. మనకి నూనెలో వేగినవాటితో బాగా కుదురుతుంది: చేపవేపుడు, ఉప్పు కారం తక్కువ వేసిన రొయ్యల వేపుడు, క్యాబేజీ పకోడీ, ఉల్లి గారె. నోట్లో జిడ్డుని ఆ పులుపు కడిగేస్తుంది. కొబ్బరిపాలు పోసిన రొయ్యల కూరకీ పరవాలేదు. చేపల పులుసుతో మాత్రం వద్దు. పులుసు పులుపు ముందు వైన్ నీళ్ళలా చప్పబడుతుంది. గుంటూరు మిర్చి దట్టించిన కోడికూరతో కూడా వద్దు, ఆల్కహాల్ కారాన్ని ఇంకా మండిస్తుంది. ఆ రోజు మజ్జిగే సరైన జోడీ, నా ఓటు దానికే. ఫ్రిజ్‌లోంచి తీసి పది, పదిహేను నిమిషాలాగి పోస్తే వాసన తెలుస్తుంది. మరీ చల్లగా ఉంటే ఏ తెల్ల వైనైనా ఒకటే.

దొరకనప్పుడు దీని బంధువులున్నాయి. లువార్ నది వైపు సాన్సేర్, సోవిన్యో బ్లాంక్ ద్రాక్షతో, గడ్డివాసన ఎక్కువ. సముద్రం దగ్గర నాంత్ ఊరి చుట్టూ పండే మస్కడే ఇంకా తేలిక, ఇంకా చవక.

లెక్క మాత్రం మర్చిపోకూడదు. అమెరికాలో ఒక డ్రింక్ అంటే 14 గ్రాముల ఆల్కహాల్, అంటే 12 శాతం వైన్ 5 ఔన్సులు. ఒక సీసాలో ఐదు. పెద్ద గ్లాసుల్లో పోస్తే ఒకటి అనుకున్నది రెండవుతుంది. డ్రైవింగ్ హద్దు 0.08, యూటాలో 2018 చివరి నుంచి 0.05. హెచ్1, హెచ్4 మీద ఉన్నవాళ్ళకి ఇది ట్రాఫిక్ జరిమానాతో పోయేది కాదు. 2015 నవంబర్ నుంచి, గత ఐదేళ్ళలో తాగి నడిపిన కేసులో అరెస్టయితే చాలు, నేరం రుజువు కాకముందే, స్టాంపింగ్ అయిన వీసాని స్టేట్ డిపార్ట్‌మెంట్ రద్దు చేయవచ్చు. దేశంలో ఉండటానికి అది వెంటనే అడ్డం కాకపోవచ్చు, కానీ ఇండియా వెళితే మళ్ళీ వీసాకి దరఖాస్తు, డాక్టర్ పరీక్ష. తల్లిదండ్రులకి బాగోలేదని ఫోన్ వచ్చిన రోజు ఆ రద్దు ఎంత బరువుగా ఉంటుందో ఊహించుకోండి. కాబట్టి మా ఇంటికి వచ్చే వాళ్ళలో నడిపేది ఎవరో వడ్డించే ముందే అడుగుతాను. ఎవరికీ కోపం రాలేదు ఇంతవరకు. మూత తీసిన సీసాని ఎవరైనా ఇంటికి తీసుకెళతానంటే డిక్కీలో పెట్టమంటాను, చాలా రాష్ట్రాల్లో ముందు సీట్ల దగ్గర తెరిచిన సీసా ఉండటమే నేరం.

ఆరోగ్యానికి మంచిదన్న మాట పాతది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో, అమెరికా సర్జన్ జనరల్ 2025 జనవరిలో క్యాన్సర్ ముప్పు గురించి స్పష్టంగా చెప్పారు. కడుపుతో ఉన్నవాళ్ళు వద్దన్న హెచ్చరిక 1989 నుంచి ప్రతి సీసా మీదా ఉంది.

మిగిలిన షాబ్లీని మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు నిలుస్తుంది. ఆ తర్వాత గాలిలోని ఆక్సిజన్, బ్యాక్టీరియా కలిసి దాన్ని ఎసిటిక్ ఆమ్లం వైపు తీసుకెళతాయి. అప్పుడు నేను దాన్ని కీరా ముక్కల మీద, మిరియాల పొడితో వాడేస్తాను.